జోజిబాబు పాదరక్షల శాఖ

ఒక రాజ్యం ఎంత బలమైనదో తెలుసుకోవాలంటే దాని సైన్యాన్ని చూడనక్కర్లేదు. ఏడాదిన్నర పిల్లవాడి కాళ్ళకు బూట్లు తొడిగించి, కాసేపాగి వచ్చి చూస్తే చాలు. ఈ పరీక్షలో నెగ్గిన రాజ్యం నాకు తెలిసి చరిత్రలో లేదు. అయినా డెబ్బై ఎనిమిదో సంవత్సరం వానలు వెనకపట్టగానే మా ఇంట్లో ఈ పని కోసం ఒక శాఖను ఏర్పాటు చేశాం.

శాఖకు అధ్యక్షులు మా నాన్న శౌరయ్యగారు. కార్యనిర్వహణాధికారి నా భార్య ఫిలోమిన. ప్రతిపక్షం మా అత్తగారు అమలమ్మగారు. గుణదలలో కాపురముంటూ, వీలు చిక్కినప్పుడల్లా బస్సెక్కి వచ్చి మా ఇంట్లో ప్రతిపక్షం నడిపి సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయేవారు. అంతోని అనే గుమాస్తానైన నేను కన్వీనరును (అనగా మంచాల కిందికి దూరి రెండో బూటు వెతికేవాణ్ణి). లబ్ధిదారు మా జోజిబాబు. ఆయన అభిప్రాయం ఎవరూ అడగలేదు. లబ్ధిదారులను అడిగే ఆచారం మన దగ్గర లేదు.

ఏ శాఖకైనా ఒక ఆశయం ఉండాలి. మా ఆశయాన్ని అధ్యక్షులవారు ఒక రాత్రి భోజనాల దగ్గర ప్రకటించారు.

"శౌరివారి పండక్కి వీడు బూట్లేసుకుని పెద్దవీధిలోంచి గుడికి నడవాలి," అన్నాడు నాన్న. "గట్టు మీంచి కాదు. ఎత్తుకునీ కాదు. నడవాలి."

ఇక్కడ కొంత భూగోళం చెప్పాలి. మేం కాపురముండేది విజయవాడలో, మా సొంత ఊరు గన్నవరం దాటాక వస్తుంది. (పేరు రాయను. రాస్తే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తమది కాదని ఊపిరి పీల్చుకుంటారు.) బస్సు దిగి మా పేటకూ, పేటలో శౌరివారనే పునీతుడి పేరున ఉన్న మా కతోలిక గుడికీ వెళ్ళడానికి రెండు దారులు. పెద్దవీధి దగ్గరి దారి, కాలువ గట్టు చుట్టుదారి. మా వాళ్ళు పెద్దవీధిలోంచి వెళ్ళకూడదని ఎవరూ అనలేదు. నిక్షేపంగా వెళ్ళవచ్చు, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళాలి. చెప్పులను కాళ్ళకే ఉంచుకోవాలన్న పట్టుదల గలవారి సౌకర్యార్థం కాలువ గట్టు ఉంది.

ఈ నియమం ఎక్కడా రాసి లేదు. నేను విచారించాను. పంచాయతీ గుమాస్తా అలాంటిదేమీ లేదన్నాడు. మునసబు వెంకటకృష్ణారావుగారు "ఇంకా ఎక్కడి మాటలయ్యా, ఆ రోజులు పోయాయి" అన్నారు. పైగా అలా చేయించడం నేరమని చట్టం వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఈ మధ్య దానికి పదును కూడా పెట్టారు. అంచేత ఆ నియమం లేదు. లేని నియమాన్ని అందరూ పాటిస్తారు, అంతే.

గుడి గుమ్మంలో మేం చెప్పులు తీస్తాం. అది నాకు అర్థమవుతుంది. అక్కడ దేవుడున్నాడు, ఆయన అందరినీ ఒకేలా తీయమంటాడు. మునసబుగారు వచ్చినా తీయాల్సిందే (రారు). మునసబుగారి అరుగు ముందు తీయడానికి ఆ అరుగు మీద ఏ పూజ జరుగుతుందో మాత్రం నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. జపమాల చెప్పుకునేటప్పుడు ఒకటి రెండుసార్లు పైవారినే అడిగి చూశాను. పరిశీలనలో ఉన్నట్టుంది.

"చెప్పుల్ని నేను మోసింది, అవి నన్ను మోసినదానికంటే ఎక్కువ," అన్నాడు నాన్న చెయ్యి కడుక్కుంటూ. "వీడికి అది వద్దు."

మర్నాడే గవర్నర్‌పేటలో ఒక చెప్పుల కొట్టుకు వెళ్ళాం. కొట్టులో తిరుపతిరావుగారని పెద్ద సేల్స్‌మన్ ఉన్నాడు. జోజిబాబు పాదాన్ని అరచేతిలోకి తీసుకుని, మామిడికాయ బరువు చూసినట్టు చూసి వదిలేశాడు.

"బాబుకి సరిపోయేవి చూపించండి," అంది ఫిలోమిన.

"సరిపోయేవి పిల్లలకు ఇవ్వమండి," అన్నాడాయన. "పెరిగే కాలు కదండీ. రేపు బిగుతైతే మళ్ళీ మమ్మల్నే అంటారు. ఇదిగో, ఇది చూడండమ్మా, వచ్చే ఏడాదికి అచ్చం కొలత పెట్టి కుట్టినట్టుంటది."

"మరి ఈ ఏడాదికి?"

"ఈ ఏడాదికి దూదండి."

(ఈ దేశంలో ఏ పిల్లవాడూ తన బూట్లు తాను వేసుకోలేదని నాకు అప్పుడు తెలిసింది. ఏటేటా వచ్చే ఏడాది పిల్లవాడి బూట్లు వేసుకుంటాడు. ఆ పిల్లవాడు వచ్చేసరికి అవి చిరిగిపోయి ఉంటాయి. మన ప్రణాళికలన్నీ ఈ కొలతకే కుట్టినట్టున్నారు.)

ఎర్రరంగు బూట్లు, పక్కన బకిల్, అడుగు వేస్తే కీచుమంటాయి. నాన్నకు ఆ కీచు నచ్చింది.

"ఎంతదూరం వినపడుద్దండీ ఇది?" అని అడిగాడు.

"వీధి మొదట్లో నడిస్తే చివర్న కుక్క లేవాలండి," అన్నాడు తిరుపతిరావు.

"అవే కట్టండి."

తరవాత అమలు. జోజిబాబు మొదటిరోజు బూట్లను ఆదరంగా స్వీకరించి ఒకటి నోట్లో పెట్టుకున్నాడు, రెండోది మంచినీళ్ళ బిందెలో వేశాడు. రెండోరోజు చేతులకు తొడుక్కుని గది అంతా దోగాడాడు. కాళ్ళకు తొడిగితే మాత్రం నిలబడిన చోటే రాయై, ఒక్క అడుగు వేయకుండా, తనను ఎవరు అరెస్టు చేశారా అన్నట్టు మా వంక చూసేవాడు. మేం అటు తిరగ్గానే కూర్చుని విప్పేవాడు. మేజోళ్ళు కూడా విప్పి, వేళ్ళు అన్నీ ఉన్నాయో లేదో సరిచూసుకునేవాడు.

ప్రతిపక్షానికి ఇది అవకాశం.

"నేల తగలకపోతే కాలికి బలమెక్కడిదే?" అన్నారు అత్తగారు. "మీ నాన్న చచ్చేదాకా చెప్పెరగడు. గుణదల కొండ మోకాళ్ళ మీద ఎక్కాడు."

"మోకాళ్ళకు బూట్లు దొరకవు కదమ్మా," అంది ఫిలోమిన.

"నవ్వుకో. రేపు పిల్లాడు వంకరటింకరగా నడిస్తే అప్పుడు నవ్వుదువుగాని. అన్నయ్యగారూ, మీరైనా చెప్పండి."

"నేలతో వాడికి సంబంధం ఎలాగూ ఉంటదమ్మా, అది ఎక్కడికీ పోదు," అన్నాడు నాన్న. "మనం చెయ్యాల్సింది బూట్ల సంగతి."

కార్యనిర్వహణాధికారి ప్రోత్సాహక పథకం ఒకటి ప్రవేశపెట్టింది. బూట్లు తొడిగించుకుంటే ఒక బెల్లం జీడిముక్క. పథకం తక్షణమే ఫలించింది. జోజిబాబు తనంతట తానే బూట్లు తెచ్చి కాళ్ళు చాపాడు. తొడిగాం, జీడి ఇచ్చాం. తింటూనే విప్పి, మళ్ళీ తెచ్చి, మళ్ళీ చాపాడు. తొడిగిన బూటుకు మళ్ళీ జీడి రాదనీ, విప్పిన బూటుకే వస్తుందనీ ఆయన ఒక పూటలో గ్రహించాడు. వేసిన రోడ్డును తవ్వి మళ్ళీ ఎందుకు వేస్తారో నాకు ఎన్నాళ్ళుగానో అర్థం కాలేదు. ఆ సాయంత్రం అర్థమైంది. తొడగడానికి నొక్కినప్పుడల్లా వచ్చే కీచులు విని మేడమీద ఉండే శివపార్వతిగారు దిగివచ్చి, "మీ ఇంట్లో పిట్టలేమైనా పెంచుతున్నారాండీ?" అని మర్యాదగా అడిగి వెళ్ళారు. పథకం రద్దయింది. పండుగ దగ్గరికొస్తోంది.

చివరికి అధ్యక్షులే రంగంలోకి దిగారు. నాన్న సాయంత్రాలు తన చెప్పులు వేసుకుని, మనవడి బూట్లు తొడిగి, వేలు అందించి, "పదరా" అని బీసెంటు రోడ్డు వైపు బయలుదేరేవాడు. బతిమాలడు, జీడి పెట్టడు. తాను నడిచేవాడు. నాన్న చేతులు వెనక్కి కట్టుకుంటే జోజిబాబూ కట్టుకునేవాడు. నాన్న దగ్గితే దగ్గేవాడు. నాన్న రాయిని చెప్పుతో పక్కకు నెడితే తానూ ఒక రాయి వెతుక్కుని నెట్టి, అది కదిలేదాకా వచ్చేవాడు కాదు. వీడికి బూట్లు ఇష్టం లేక కాదు, బూట్లతో ఏం చేయాలో ఎవరూ చూపించక ఊరుకున్నాడని తేలింది. పండుగ నెల మొదలయ్యేసరికి పడుకోబెట్టేటప్పుడు విప్పినా ఏడుస్తున్నాడు. అత్తగారు కూడా మెత్తబడి, "ఆ ఎరుపు వాడికి బాగానే నప్పిందిలే" అని ప్రతిపక్షాన్ని ముగించారు.

శౌరివారి పండుగనాడు పొద్దున్నే బస్సెక్కాం. నాన్న ఇస్త్రీ పంచె కట్టాడు. నేను పండుగకని కొన్న కొత్త చెప్పులు వేసుకున్నాను. ఫిలోమిన విజయవాడలో పుట్టి పెరిగిన మనిషి. మా ఊరికి ఇంతకుముందు వచ్చినప్పుడల్లా గట్టు మీంచే తెచ్చాం, చల్లగా ఉంటుందని చెప్పి.

బస్సు దిగాం. నాన్న గట్టు వైపు చూడలేదు. మనవడికి వేలందించి పెద్దవీధిలోకి తిరిగాడు. కీచు, కీచు, కీచు. తిరుపతిరావు చెప్పింది అబద్ధం కాదు, కుక్క లేచింది. ఒక ఇంటి కిటికీలోంచి ఎవరో చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. నాన్న నడుము ఎన్నడూ లేనంత నిటారుగా ఉంది. పక్కన జోజిబాబు ఒక చేతిని వెనక్కి కట్టుకుని, రెండో చేత్తో తాత వేలు పట్టుకుని, తనిఖీకి వచ్చిన అధికారిలా నడుస్తున్నాడు. సగం వీధి దాటేశాం.

మునసబుగారు అరుగు మీద పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్నారు. నాన్నకంటే పదేళ్ళు చిన్న. కీచు విని పేపరు దించారు. ఆయన ముఖంలో కోపమేమీ లేదు. నిజం చెప్పాలంటే సంతోషించారు.

"ఏరా శౌరీ! మనవడా?"

అంతే అన్నారు. నాన్న వంగాడు. ఎడమ చెప్పు, కుడి చెప్పు, రెండూ చేతిలోకి వచ్చాయి. "చిత్తమండి, మనవడేనండి," అన్నాడు. ఆ గొంతు మా ఇంట్లో ఎన్నడూ విన్నది కాదు.

జోజిబాబు తాతను కిందినుంచి పైకి చూశాడు. వీధి మధ్య దుమ్ములో కూర్చున్నాడు. ఆ బకిల్స్‌ను తానే ఊడదీసి, బూట్లు రెండూ విప్పి, దూది రాలుతుంటే, తాత పట్టుకున్నట్టే చేత్తో పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఓరి నీ!" అన్నారు మునసబుగారు నవ్వుతూ. "అయ్యో, ఎందుకురా తియ్యడం, వేసుకోండి, వేసుకోండి. ఈ రోజుల్లో కూడా ఏంటిది? చూశావా, చంటిపిల్లాడికి కూడా ఎంత వినయమో! బాగా నేర్పారయ్యా."

మా శాఖకు బయటివారినుంచి అందిన మొదటి మెప్పు ఇది. వేసుకోమని ఆయన రెండుసార్లు చెప్పినా ఎవరమూ వేసుకోలేదు. చెప్పినదాన్ని పాటించడం వేరు, చెప్పనిదాన్ని పాటించడం వేరు. ఏం జరుగుతోందో తెలియక ఫిలోమిన ఒక్కతే వీధి మధ్య చెప్పులతో నిలబడిపోయింది.

మలుపు తిరిగాక నాన్న తూము గోడ మీద కూర్చున్నాడు. మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని, పాదాలు పంచె అంచుతో తుడిచి, మిగిలిన దూది సర్ది బూట్లు తొడిగాడు. చాలాసేపు బకిల్ దగ్గరే ఉన్నాడు. గుడి గంట మొదలైంది.

"ఫిలోమినమ్మా," అన్నాడు తలెత్తకుండా. "వచ్చే పండక్కి వీణ్ణి వీధిలోంచి నువ్వు తీసుకురా. నేనూ అంతోనీ గట్టు మీంచి వస్తాం."

"అదేంటి మావయ్యగారూ? మీరు లేకుండానా?"

"నీకు ఇలా తియ్యడం చేతకాదమ్మా. నీ పక్కనుంటే వాడికీ రాదు."

తీర్మానం సబబుగానే ఉంది, అందులో నా పేరు చేర్చడమే బాగాలేదు. నేను చదువుకున్నవాణ్ణి, సర్కారు ఉద్యోగస్తుణ్ణి. "నన్నెందుకు కలుపుతావు నాన్నా? చట్ట ప్రకారం మనల్ని ఎవడూ..." అని మొదలుపెట్టాను.

"ముందు ఆ చేతిలోవి కింద పెట్టి మాట్లాడరా," అన్నాడు నాన్న.

చూసుకున్నాను. ఎప్పుడు తీశానో తెలియదు. కొత్త చెప్పులు రెండూ మడమలు కలిపి, అడుగులు లోపలికి తిప్పి, ఎవరికీ తగలకుండా, చాలా పద్ధతిగా పట్టుకుని ఉన్నాను.