అడ్రసుతో సహా ప్రార్థన

సోమవారం పొద్దున జాన్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. మర్నాడు ఆసుపత్రిలో చేరి గాల్ బ్లాడర్‌లో రాళ్లు తీయించుకోవాలి, చడీచప్పుడు లేకుండా హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఇంటికొచ్చేయాలి. ఎవరికీ తెలియకూడదు. భార్య మరియమ్మకు మాత్రం ప్రార్థన లేకుండా ఆపరేషనంటే గుండెదడ. ఫోనులో తమ చర్చి సంఘం పేజీ తెరిచి ప్రార్థన మనవి పెట్టేసింది.

బెంగళూరులో జాన్‌లకు కొదవా? ప్రార్థన ఇంకో జాన్‌కి పోతే? అందుకని ఫోటో, పుట్టినతేదీ, ఫోను నంబరు, ఫ్లాటు నంబరు, స్కానింగ్ రిపోర్టు అన్నీ జతచేసింది. ఇంట్లో కూర్చుని ప్రార్థన చేయదలచినవారికి తాళంచెవి కలబంద కుండీ కింద ఉంటుందని కూడా రాసింది.

పదకొండింటికి ఫోను మోగింది. మెత్తటి మగగొంతు.

"వందనాలు బ్రదర్. మూడు రాళ్లు కదా? పెద్దది పన్నెండు మిల్లీమీటర్లు."

"ఎవరండీ మీరు?"

"మీకోసం కనిపెట్టుకుని ఉన్నాను బ్రదర్."

మాస్టారు ఫోను పెట్టేశాడు. గాలి కోసం బాల్కనీలోకి వెళ్తే కింద కూరగాయల అంజినప్ప కేకేశాడు. "నూనె ముట్టొద్దప్పా! రాళ్లుండాయంట కదా!" మళ్లీ ఫోను. "బాల్కనీలో ఎందుకు బ్రదర్, ఎండగా ఉంది. లోపలికెళ్లండి."

లోపలికి పరిగెత్తి, కర్టెన్లు లాగి, భార్య ఫోనులో ఆ మనవి చదివి, అప్పుడు ఆవిడను నిలదీశాడు.

"బుద్ధుందా నీకు? తాళంచెవి సంగతి ఊరందరికీ చెప్తావా?"

"ఊరేంటండీ, అందరూ మన సంఘంవాళ్లే."

"ఆ పేజీలో ఎంతమందున్నారు?"

ఆవిడ చూసింది. "పదకొండు వేల నాలుగొందలు."

"మన సంఘంలో?"

"ఎనభై."

ఆవిడ వెంటనే మనవి తీసేసింది, ఆయన ఆసుపత్రి మానేశాడు. "రాయి జారితే ప్రాణం మీదికొస్తుందన్నారండీ డాక్టరు" అని ఆవిడ ఎంత ఏడ్చినా వినలేదు. మంగళవారం పొద్దున్నే దుడ్డుకర్ర పట్టుకుని హాల్లో కాపలా కూర్చున్నాడు. హడావుడిలో కుండీ సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

పదింటికి తాళంలో చెవి తిరిగింది. మాస్టారు కర్ర ఎత్తాడు. తలుపు తోసుకుని వచ్చింది పాస్టర్ క్రిస్టోఫర్ గారు, వెనక ముప్పైమంది.

"ఆసుపత్రిలో ఉండాల్సిన మనిషి! కర్రపట్టుకుని నిలబడ్డాడు! హల్లెలూయా!"

అద్భుతం జరిగిందని ఇల్లు దద్దరిల్లింది. అది కాదని చెప్పబోతే ఎవరూ వినలేదు. అందరూ కళ్లు మూసుకున్నారు. మాస్టారు ఒక కన్ను తెరిచాడు.

బీరువా పక్కన తెల్లచొక్కా మనిషి నిలబడి ఉన్నాడు. అతని రెండు కళ్లూ తెరిచే ఉన్నాయి. తననే చూస్తున్నాడు.

"కళ్లు మూసుకోండి బ్రదర్" అన్నాడు మెత్తగా. అదే గొంతు.

సిగ్గుచేటు గానీ, మాస్టారు మూసుకున్నాడు.

ఆమెన్ అయ్యేసరికి ఆ మనిషి లేడు. "మీ బంధువనుకున్నానండీ" అన్నారు పాస్టర్ గారు. బీరువా భద్రంగానే ఉంది. తాళంచెవీ, మరియమ్మ ఫోనూ కనబడలేదు.

మధ్యాహ్నానికి రాళ్ల నొప్పి తట్టుకోలేక మాస్టారు తనే ఆసుపత్రికి పదమన్నాడు. వెళ్లేముందు తాళం మార్పించాడు. స్ట్రెచర్ ఎక్కుతూ తన ఫోను భార్య చేతికిచ్చాడు. ఆపరేషన్ గది తలుపు దగ్గర ఆవిడ సంతోషంగా ఎదురొచ్చింది.

"బెంగపడకండి. మీ ఫోనులోంచి మళ్లీ మనవి పెట్టాను. తాళం మార్చామనీ, ఈసారి చెవి కుండీ కింద కాదు, పక్కింటి సునీతకిచ్చామనీ గట్టిగా రాశాను. చూడండి, అప్పుడే ఎవరో ఆమెన్ అన్నారు!"

మాస్టారు తల ఎత్తి చూశాడు. ఆమెన్ అన్నవారి పేరు మరియమ్మ.