ఇంటికి రాని చేప

శనివారం పొద్దున నోలీన్ వేసుకున్న పథకంలో తిరకాసేమీ లేదు. మొగుడితో పాటు మటౌరా నదికి వెళ్ళాలి, ఒక్క ట్రౌట్ చేప పట్టించాలి, దాన్ని ఇంటికి తేవాలి, ఆదివారం మధ్యాహ్నం తల్లి మేవిస్ భోజనాల బల్ల మీద పెట్టాలి. ఒక్కటంటే ఒక్కటి. ఆ ఒక్కదానికి కూడా తను స్వయంగా కాపలా కాయాల్సి రావడమే ఆమెకు ఒళ్ళు మండిస్తోంది.

మండదా మరి? పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. ఆథల్ ప్రతి శనివారం గాలం కర్ర భుజాన వేసుకుని పోతాడు, సాయంత్రం చేతులూపుకుంటూ వస్తాడు. పట్టిన చేపనల్లా ముద్దు చేసి మళ్ళీ నీళ్ళలోకే వదలడం అతని మతం. కిందటి ఆదివారం కొడుకులూ కోడళ్ళూ అందరూ బల్ల చుట్టూ ఉండగా, మేవిస్ మాంసం కోస్తున్న కత్తి ఆపి, "ఇరవై ఆరేళ్ళుగా చేపలకి వెళ్తున్నాడు, ఇంటికి ఒక్క పొలుసు రాలేదు. ఇంతకీ ఆవిడ పేరేమిటే?" అంది. ఒకటే నవ్వులు. నోలీన్‌కు తల కొట్టేసినట్టయింది. పోనీ కొట్లో కొని తల్లి నోరు మూయిద్దామా అంటే, న్యూజీలాండ్‌లో ట్రౌట్ అమ్మడమే నేరం. పట్టినవాడు తినాలి, లేదా పట్టినవాడు పెడితే తినాలి.

"ఇవాళ చేప ఇంటికి రావాలి. లేదంటే నువ్వూ రానక్కర్లేదు," అంది కారెక్కుతూ.

"వస్తుందిలే నోల్," అన్నాడు ఆథల్.

నది దగ్గర రెండు గంటలపాటు ఆథల్ గాలమే వెయ్యలేదు. నీళ్ళ మీద ఎగిరే పురుగులను చూస్తూ నిలబడ్డాడు. ఏ పురుగు ఎగురుతోందో తేలితే గానీ, ఈకలతో కట్టిన దొంగ పురుగుల పెట్టెలోంచి దానికి జోడీ తియ్యడట. నోలీన్ గట్టు మీద కూర్చుని, మధ్యాహ్నానికని తెచ్చిన చీజ్ రోల్స్ పదింటికే తినేసింది.

"పెళ్ళిచూపులా అవి? వెయ్యవయ్యా గాలం!"

వేశాడు. పడింది. మూరెడు పొడుగు, బంగారు ఒళ్ళు, దాని మీద నల్ల మచ్చలు. ఆథల్ దాన్ని చేతివలలోకి తీసుకున్నాడు, మూతి నుంచి కొక్కెం ఊడదీశాడు, తడిచేతులతో పట్టుకుని తల ప్రవాహానికి ఎదురుగా తిప్పాడు.

"ఆథల్!" నోలీన్ గావుకేక పెట్టింది.

"ఊఁ?" అని అతను ఇటు తిరిగేసరికి చేప అటు వెళ్ళిపోయింది. ఆథల్ ఖాళీ చేతులు చూసుకున్నాడు. "అలవాటు నోల్..."

"అలవాటా! తడి తువ్వాలు మంచం మీద వెయ్యకని ఇరవై ఆరేళ్ళుగా మొత్తుకుంటున్నా. అదొక్కటీ అలవాటు కాలేదేం?"

రెండో చేపకు ఆమె అతన్ని నమ్మలేదు. అతని పాత రబ్బరు లాగు చంకలదాకా లాక్కుని, తానే నదిలో దిగి పక్కన నిలబడింది. చేప వలలో పడడం, నోలీన్ దాని మీదికి దూకడం, పాచిరాయి మీద కాలు జారడం ఒక్కసారే జరిగాయి. లాగు నిండా నీళ్ళు. ఆథల్ వలనూ చేపనూ వదిలేసి పెళ్ళాన్ని రెండు చేతులా లేవనెత్తాడు.

"నన్నెవడు పట్టుకోమన్నాడు? చేపని పట్టుకో!"

"మునిగిపోతావేమోనని..."

"మోకాటి లోతులో మునగడానికి నేనేమన్నా కోడిపిల్లనా?"

పళ్ళు టకటకలాడుతున్న భార్య చేతిలో కర్ర పెట్టి, పొడి దుప్పటి తేవడానికి ఆథల్ గట్టెక్కి కారు దగ్గరికి వెళ్ళాడు. నోలీన్ ఆ కర్రను చీపురులా పట్టుకుని, నదినీ, మొగుణ్ణీ, కన్నతల్లినీ వరసపెట్టి తిడుతూ నిలబడింది. తాడు దాని మానాన అది నీళ్ళలో వేలాడుతోంది. సరిగ్గా అప్పుడు కర్ర వంగింది.

ఆమె ఏ పురుగునూ చూడలేదు, ఏ ఈకా మార్చలేదు. రెండు చేతులా ఈడ్చుకుంటూ వెనక్కి నడిచింది. చేప గట్టు మీద పడింది, నోలీన్ చేప మీద పడింది. మళ్ళీ ఎవరూ వదిలే ప్రసక్తి లేకుండా, రాయి తీసుకుని దాని నెత్తిన ఒక్కటి వేసింది.

"లైసెన్స్ చూపిస్తారా అమ్మా?"

వెనక్కి తిరిగి చూస్తే నది రేంజర్.

"మా ఆయనకుందండీ."

"చేప పట్టింది మీరు కదా. వంతెన దగ్గర బండి దిగుతూనే చూశాను."

ఇంతలో ఆథల్ దుప్పటితో పరిగెత్తుకొచ్చాడు. సంగతి అర్థమై, "చేప నేనే పట్టానండీ!" అన్నాడు రొప్పుతూ.

"ఎక్కడి నుంచి పట్టారు? కారులోంచా?"

నోలీన్‌కు కోపం నషాళానికి అంటింది. పెళ్ళినాటి నుంచి కిందటి ఆదివారం దాకా జరిగిందంతా ఏకరువు పెట్టింది. రేంజర్ ఓపిగ్గా విని, ఆథల్ వైపు తిరిగి, "ఇరవై ఆరేళ్ళలో ఒక్కటి కూడానా?" అన్నాడు. అచ్చం మేవిస్ చూసినట్టే చూసి, నేరం రాసే కాగితం బయటికి తీశాడు.

"ఇందాక రెండు పట్టాడండీ! అవి రాయండి మీ కాగితంలో!"

"వదిలేసిన చేపలకి నేను కాగితం రాయనమ్మా."

చేప రేంజర్ ఐసు పెట్టెలోకి, గాలం కర్ర అతని బండిలోకి వెళ్ళిపోయాయి. నోలీన్ చేతికి మిగిలింది కాగితం. సగం దారి దాకా రేంజర్ల వంశాన్నంతా దులిపేసిన నోలీన్ ఉన్నట్టుండి ఆగి, ఆ కాగితాన్ని ఒళ్ళో సాపు చేసుకుంది. చేప పోతే పోయింది, వెళ్ళింది చేపలకేనని ముద్రతో సహా సాక్ష్యం దొరికింది!

ఆదివారం బల్ల చుట్టూ అందరూ చేరారు. "చేపేదే?" అంది మేవిస్.

నోలీన్ కాగితాన్ని తల్లి ముందు ఠపీమని పెట్టింది. "చదువు. అందరికీ వినపడేలా చదువు. ఇకమీద నా మొగుణ్ణి ఒక్క మాటన్నావో, ఈ గడప తొక్కను."

మేవిస్ కళ్ళజోడు పెట్టుకుంది. "మటౌరా నది. శనివారం, మధ్యాహ్నం ఒంటిగంట. ట్రౌట్ ఒకటి." నోలీన్ తలెత్తి వదినల వంక చూసింది. "పట్టినవారు, నోలీన్. లైసెన్స్ లేదు." మేవిస్ వేలు కింది వరుసకు జరిగి అక్కడ ఆగింది. "ఆ సమయంలో భర్త అక్కడ లేడు."

"దుప్పటి కోసం వెళ్ళాను మేవిస్," అన్నాడు ఆథల్.

ఈసారి ఎవరూ నవ్వలేదు. మేవిస్ కళ్ళజోడు తీసి, కాగితం మడిచి, అల్లుడి వైపు తిరిగింది.

"పోనీ, ఆవిడకైనా చేప వండడం వచ్చా?"