అరువు కుక్క, ఆరోగ్యమైన మనసు

మనసు కుదుటగా ఉండాలంటే మనిషి భూమ్మీద ఉండకూడదు! ఊరికే అనడం లేదు. వ్యోమగామి పెళ్లాన్ని, అనుభవం మీద చెబుతున్నాను.

మాస్కో పక్కనున్న మా వ్యోమగాముల ఊళ్లో మనసుల బాగోగులు చూసే ఆఫీసు ఒకటుంది. మా ఆయన గ్లెబ్ పైన అంతరిక్షంలో ఉన్నన్నాళ్లూ, నిద్ర పట్టిందా, దిగులుగా ఉందా అని ఆయన్ని ఎవరో ఒకరు అడుగుతూనే ఉండేవారు. సరుకుల రాకెట్‌లో యాపిళ్లు, ఉల్లిపాయలు, ఇష్టమైన పాటలు పంపేవారు. దిగులుగా ఉందా అని పెళ్లయ్యాక మిమ్మల్ని ఎవరైనా అడిగారా? చూశారా మరి!

దీనికి ఒకటే నియమం. ఆదివారం ఆదివారం పైకి కలిపే వీడియో కాల్‌లో ఇంటివాళ్లు మంచి కబుర్లే చెప్పాలి. కొంప మునిగితే నవ్వుతూ మునగాలి. మా పైపు పగిలి కింది వాటావాళ్లు కొట్లాటకొస్తే, "పొరుగువాళ్లు తరచూ వచ్చిపోతున్నారు" అన్నాను. ఆఫీసువాళ్లు తెగ మెచ్చుకున్నారు.

మార్చిలో మా కుక్క తుమాన్ చచ్చిపోయింది. పిల్లగా ఉన్నప్పుడు మా ఆయన చలికోటు జేబులో పెట్టుకుని తెచ్చిన కుక్క. నేల గడ్డకట్టి పార దిగకపోతే, పలుగు తెచ్చి నేనే తవ్వి పాతిపెట్టాను. ఏడుస్తూ ఆఫీసుకు ఫోన్ చేశాను. సైకాలజిస్టు ఇన్నా మార్కొవ్నా చాలా నొచ్చుకుంది. నొచ్చుకున్నాక, ఆదివారంలోగా అలాంటి కుక్క ఇంకెక్కడైనా దొరుకుతుందా అని అడిగింది.

ఎదురింటి వాళ్లది దొరికింది. ప్రతి ఆదివారం దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, సాసేజి ముక్క చూపించి మొహం కెమెరా వైపు తిప్పి, నేను పళ్లికిలించేదాన్ని. "ఏరా తుమాన్, ఒళ్లు చేశావే" అని మా ఆయన పైనుంచి మురిసిపోయేవాడు. ఆయన మనసు దివ్యంగా ఉందని ఆఫీసు తేల్చేసింది. కాదనడానికి నేనెవర్ని?

ఆకులు రాలే రోజుల్లో కిందికి దిగాడు. ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటూ, కొక్కేనికి వేలాడుతున్న కుక్క గొలుసు వైపు చూశాడు.

"ఎక్కడ పాతిపెట్టావు?" అన్నాడు.

నేను గొలుసు అందుకుని వీపు వెనక దాచాను.

"మొదటి ఆదివారమే తెలిసిపోయింది రిమ్మా. మనవాడికి ఎడమ చెవి చిరిగి ఉండేది కదా."

"మరి అనలేదేం?"

"దిగులుగా ఉందంటే మళ్లీ పైకి పంపరు. పైగా నువ్వు అంతలా నవ్వుతున్నావు, పాడుచేయడం ఎందుకనిపించింది."

వంటింట్లో కూర్చుని ఇద్దరం వెక్కి వెక్కి ఏడ్చాం. టీ చల్లారిపోయింది. ఎన్ని నెలల తర్వాతో, ప్రాణం హాయిగా ఉంది.

అంతలో ఫోన్ మోగింది. ఇన్నా మార్కొవ్నా! ఆయన మనసు ఎలా ఉందని అడిగింది. మా ఆయన వంక చూశాను. కళ్లు తుడుచుకుంటూ, చెప్పొద్దన్నట్టు తలూపాడు.

"దివ్యంగా ఉందండీ" అన్నాను.

ఆవిడ సంతోషించింది. నా సంగతి కూడా అడుగుతుందేమోనని ఇంకాసేపు ఫోన్ చెవి దగ్గరే పెట్టుకున్నాను. పెట్టేసింది.

ఆవిడ తప్పేముంది? నేను భూమ్మీదే ఉన్నాను కదా!