చిన్న గ్లాసెడు పెట్రోలుపై వుకోసావ్ దండయాత్ర

మొరావా నదీతీరమున, పొగమంచు మధ్యాహ్నమైనను పక్క దిగని శరత్కాలాంతమున, పూర్వము కొండదొంగలు తుపాకులు దాచి వసంతముదాక ఇండ్లకు మరలిన మిత్రోవ్‌దాన్ పర్వదినమున, వీథులందు క్యాబేజీ బండ్లు రథసమూహములై బారులు తీరియుండగా, లోకక్షేమముతో ఆవగింజంతయు సంబంధము లేని ఒక మహాసంగ్రామము జరిగెను. శ్రోతలారా, చెవులు రిక్కింపుడు. పని ఉన్నవారు పోవచ్చును.

ఆ సంగ్రామనాయకుడు వుకోసావ్. తపాలా కార్యాలయమున కవరులపై ముద్రలు గుద్దు ప్రచండదోర్దండుడు, సమస్తవాహనశాస్త్రపారంగతుడను బిరుదును తనకు తానే ప్రదానము చేసికొన్నవాడు. ఆతని అశ్వరాజము సివ్కా యను బూడిదవన్నె పాత మోటారు సైకిలు. గత వసంతారంభమున ఊరి మోటారు సైకిలు వీరులెల్లరు చర్చి ముంగిట గుమిగూడి, దిక్కులు పిక్కటిల్లునట్లు ఇంజనులు మ్రోగించుచుండగా, సివ్కా ఒక్కటే మౌనవ్రతము పూనెను. చలికాలమంతయు కార్బురేటరులో నిలువయున్న పెట్రోలు జిగురై దాని గొంతు పట్టుకొనెను. వుకోసావ్ బావమరిది మియోద్రాగ్ దానిని ట్రాక్టరు తొట్టిలో, పందుల దాణా బస్తాల నడుమ, ఊరంతయు చూచుచుండ ఇల్లు చేర్చెను. ఆ సాయంకాలమే వుకోసావ్ ధర్మపత్ని స్తమేన శాసనము వెలువరించెను.

“వచ్చే వసంతంలో కూడా ఇది ఇలాగే మొరాయించిందా, అమ్మి పారేస్తాను. షెడ్డులో ఆ మూల నా క్యాబేజీ ఊరబెట్టే పీపాకి కావాలి. అదన్నా చలికాలమంతా మనకింత కూర పెడుతుంది.”

స్తమేన మాట తప్పగా చూచినవారు ఆ మండలమున లేరు.

కావున ఈ మిత్రోవ్‌దాన్ నాడు, సివ్కాను చలికాలపు నిద్రకు సిద్ధపరచుటకై, వుకోసావ్ షెడ్డు తలుపులు బార్లా తెరచి రణరంగప్రవేశము గావించెను. లోపల తుప్పు పట్టకుండ సివ్కా ఇంధనపు తొట్టిని అంచులదాక పెట్రోలుతో నింపెను. ఆ పెట్రోలు చెడిపోకుండ మందు కలిపెను. ఎలుకలు కాపురము పెట్టకుండ పొగగొట్టములో కుక్కుటకు పాత చొక్కా చించి సిద్ధపరచెను. మిగిలినది ఒక్కటే కార్యము. ఇంజను నడుచుచుండగా పెట్రోలు కుళాయి కట్టివేసి, కార్బురేటరులోని చిన్న గ్లాసెడు పెట్రోలు కాలిపోయి, అది తనంత తానే ఆగువరకు పక్కన నిలుచుండుట. ఇంతకుమించి ఆ మహావీరుని ఎవ్వరును ఏమియు కోరలేదు.

ఇంజను గర్జించెను. వుకోసావ్ ఛాతి విరిచి ఇట్లు పలికెను. “ఓరి జిగురుస్వరూపా, మత్పరాభవకారణా, కార్బురేటరుగర్భనివాసా, నేటితో నీ వంశము నిర్మూలము.”

“దానితో కబుర్లెందుకు బావా, కుళాయి కట్టెయ్,” అనెను మియోద్రాగ్, గుమ్మములో రకియా యను పండ్లసారా గ్లాసు పట్టుకొని.

వుకోసావ్ కుళాయి కట్టెను. కొంతసేపటికి సివ్కా దగ్గెను. వెంటనే ఆతని ఎడమచేయి, ఏండ్ల తరబడి నడిదారిలో ఇంజను దగ్గినపుడెల్ల కుళాయి తిప్పి రిజర్వు పెట్రోలు వదలి పరువు కాపాడిన ఆ పరమవిశ్వాసపాత్రము, యజమాని సెలవైనను అడుగక పోయి కుళాయి తిప్పెను. ఇంజను మరల ఉత్సాహముగా మ్రోగెను.

“ఎందుకు తిప్పావు బావా?”

“నేను తిప్పలేదురా.”

“మరి నేనా?”

“చెయ్యి తిప్పింది.”

రెండవమారు వుకోసావ్ కుళాయి కట్టి, ఆ చేతిని జేబులో బంధించెను. సివ్కా దగ్గెను. జేబు చినిగెను. కుళాయి తెరచుకొనెను. మియోద్రాగ్ గోడకానుకొని నవ్వ మొదలిడెను. ఆ నవ్వు విని, పెరటిలో క్యాబేజీలు తరుగుచున్న స్తమేన కత్తితో సహా విచ్చేసెను.

“ఏమయ్యా, అది ఆగేదాకా నిలబడలేవా?”

“నిలబడలేకపోతున్నానే. అది దగ్గుతుంటే నా ప్రాణం పోతోంది.”

“దానికి పెట్రోలు అయిపోతోంది, నిమోనియా కాదు.” ఆమె పెరటికి పోయి, పిల్లవాని తలకన్న పెద్దవైన రెండు క్యాబేజీలు తెచ్చి ఆతని చేతులలో పెట్టెను. “పట్టుకో. ఒక్కటి కింద పడిందా, నలిగింది పీపా మొత్తాన్ని కుళ్ళబెడుతుంది. అప్పుడు ఆ మూల కోసం నేను వసంతం దాకా ఆగను.”

కుళాయి ఆమెయే కట్టెను. అంతట తుదిపోరు మొదలయ్యెను. సివ్కా దగ్గెను. వుకోసావ్ ఎడమచేయి క్యాబేజీతో సహా కుళాయివైపు లాగెను. క్యాబేజీ ఆకులు కిరకిరలాడెను. సివ్కా మరల దగ్గి, ఎగశ్వాస తీసెను. ఆతని నొసటి చెమట కంటిలోకి జారెను. మియోద్రాగ్ నవ్వు మానెను. ఒక్క కుదుపు, ఒక్క నిట్టూర్పు, అంతే. షెడ్డు నిశ్శబ్దమయ్యెను.

మియోద్రాగ్ అలవాటు చొప్పున టోపీ తీసి, పోయినవారి ఆత్మశాంతికి వంచునట్లు రకియా చుక్క నేలపై వంచబోయెను.

“బతికున్నదానికి పోస్తావేంట్రా, ఇలా తే,” అని స్తమేన గ్లాసు లాగికొని తానే త్రాగెను. పిదప నడుమునకు కట్టిన వంటగుడ్డతో మగని కన్నులు తుడిచెను. ఆతడు నిజముగనే ఏడ్చుచుండెను.

“ఇక దించనా?” అనెను వుకోసావ్.

“ఇంజను చల్లారేదాకా దించకు. నిన్ను నమ్ముతాను గానీ, ఆ చేతిని నమ్మను.”

ఇట్లు వుకోసావ్ చిన్న గ్లాసెడు పెట్రోలును నిశ్శేషముగా జయించి, షెడ్డులో మూడడుగుల మూలను వసంతమువరకు స్వాధీనము చేసికొని, జయజయధ్వానము చేయువారెవ్వరును లేకున్నను, రెండు క్యాబేజీలను గుండెకు హత్తుకొని, దింపుటకు భార్య సెలవుకై నిలిచియుండెను.