ఎర్ర అక్షరాలు కనిపించని రోజు

నది పంపుహౌసులోకి వచ్చి మోటార్ల మీద ఒండ్రు పరిచి వెళ్ళిన వరదకు అది మూడో ఏడు. ఆ వరదలో ఇళ్ళ నంబర్ల రేకులన్నీ కొట్టుకుపోయాయి. నీరు తీశాక ఊరంతటికీ కొత్త నంబర్లు వేశారు. జనం మాత్రం పాత నంబర్లే చెప్పుకుంటూ వచ్చారు. ఉత్తరాలు తెచ్చే మనిషికి రెండూ తెలుసు. అందువల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదు. నీటి సరఫరా ఆఫీసు కంప్యూటరుకు మాత్రం కొత్తవే తెలుసు.

ఆ కంప్యూటరు పని చూసేవాడు ఆ ఊళ్ళోనే ఒక ఇంటి అల్లుడు. టెంపరరీ ఉద్యోగం. పర్మనెంటు అయితేగాని ఆఫీసులో కుర్చీ ఇవ్వరు. అందుకని అత్తవారింటి ముందుగదిలో, కిటికీ పక్కన బల్ల వేసుకుని పనిచేసేవాడు. ఆరోజు సాయంత్రం నాలుగింటికి పెద్దింజనీరు ఆ ఇంటికే వచ్చి పని చూస్తానన్నాడు. పర్మనెంటు ఆర్డరు జేబులో పెట్టుకొస్తానని, సంతకం పెట్టేదీ లేనిదీ చూశాక చెబుతానని అన్నాడు. పొద్దున్న ఎనిమిదింటికి మళ్ళీ ఫోను చేశాడు.

"ఎర్ర అక్షరాలు కనపడకూడదయ్యా. నిన్న మా బావమరిది అర్జీ పెడితే తెరంతా ఎర్రగా అయిపోయిందట. కంప్యూటరు పాడుచేశాననుకుని మనిషి చొక్కా కూడా వేసుకోకుండా పక్కింటికి పరిగెత్తాడు."

"పాడవడం కాదు సార్. రాసినదాంట్లో తప్పుంటే డేటాబేసు తీసుకోదు. తీసుకోనని చెప్తుంది, అంతే."

"చెప్పొద్దను."

"సార్, అది..."

"ఇవాళ ఒక్క ఎర్ర అక్షరం కనపడిందా, నా పెన్ను మూత తియ్యను." ఫోను పెట్టేశాడు.

వెబ్‌సైటు వెనకాల ఒక ప్రోగ్రాం ఉంటుంది. జనం ఫారంలో రాసింది తీసుకెళ్ళి డేటాబేసు చేతికిస్తుంది. డేటాబేసు గడిగడీ చూస్తుంది. ఫోను నంబరులో పది అంకెలున్నాయా, ఇంటి నంబరు కొత్త జాబితాలో ఉందా అని. లేకపోతే తిప్పికొడుతుంది. అలా తిప్పికొట్టినదాన్ని మధ్యలో పట్టుకుని, ఏ గడిలో ఏం తప్పిందో రాసినవాడికి నెమ్మదిగా, అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. ఆ ప్రోగ్రాం కట్టిన ఫ్రేంవర్కులో అందుకు వీలుంది. కాని అది రెండు రోజుల పని. ఎనిమిదిన్నరకు జనం అర్జీలు మొదలవుతాయి. అల్లుడి దగ్గరున్నది అరగంట.

పరీక్ష కోసం అతను రాసుకున్న అర్జీ ఒకటి ఉంది. ఇంటి నంబరు, ఫోను నంబరు, అన్నీ మామగారివి. నెల రోజులుగా ఆ అర్జీ ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు. కాబట్టి ప్రోగ్రాంకు ఇలా చెప్పాడు. ఏ గడి తప్పితే ఆ గడిలో పరీక్ష అర్జీలోది పెట్టు. డేటాబేసుకు మళ్ళీ ఇవ్వు. రాసినవాడికి 'మీ అర్జీ అందింది, ధన్యవాదాలు' అని పచ్చ అక్షరాల్లో చూపించు. సాయంత్రం గట్టెక్కాక సరిచేద్దామనుకున్నాడు. ఇంటి నంబరు గడిలో పిచ్చిపిచ్చిగా ఏదో రాసి చూశాడు. పచ్చ అక్షరాలొచ్చాయి. ఆ అర్జీ తీసేసి, కాఫీ తాగాడు.

ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. అర్జీ అందగానే షెడ్డులో చీటీ అచ్చవుతుంది. మేస్త్రీ చీటీ పట్టుకుని వెళ్తాడు. పనయ్యాక ఇంటివాళ్ళ చేత సంతకం పెట్టించుకుని, అక్కణ్ణుంచే ఫోటో తీసి ఆఫీసుకు పంపాలి. సంతకం లేకుండా తిరిగొస్తే ఆ పూట హాజరు పడదు. అందుకని మేస్త్రీలు పని తప్పినా సంతకం తప్పనివ్వరు.

తొమ్మిదిన్నరకు మొదటి మేస్త్రీ వచ్చాడు. మీటరు తిరగడం లేదని చీటీ. అత్తగారు మీటరు చూపించింది. గిర్రున తిరుగుతోంది. అయినా మేస్త్రీ దాన్ని విప్పి కొత్తది బిగించాడు. మామగారు సంతకం పెట్టారు. ఆయన మాట తక్కువ మనిషి. ఎవరితోనైనా వాదించడం కంటే సంతకం పెట్టడం ఆయనకు తేలిక.

"అల్లుడుగారూ, మీ ఆఫీసువాళ్ళు ఎంత మంచివాళ్ళండీ! అడక్కుండానే మీటరు మార్చారు," అంది అత్తగారు. అల్లుడు కూడా సంతోషించాడు.

పది దాటాక రెండో మేస్త్రీ వచ్చాడు. సరాసరి గేటు పక్కన కూర్చుని పైపు కొయ్యడం మొదలుపెట్టాడు.

"అయ్యయ్యో, ఏం చేస్తున్నావు నాయనా?"

"కనెక్షన్ తీసేస్తున్నానమ్మా. ఇల్లు ఖాళీ చేశామని రాశారుగా."

"ఎవరు ఖాళీ చేసింది? నేను కనపట్టంలేదా?"

మేస్త్రీ ఆమెను, వెనక నిలబడ్డ మామగారిని, కిటికీలో అల్లుడిని లెక్కపెట్టుకున్నాడు. "ఖాళీ చేసిన ఇంట్లో ఇంతమంది ఉండకూడదండీ. నాకైతే చీటీ ఉంది. మీకేముంది?" మామగారు సంతకం పెట్టారు. లోపల కుళాయి రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

"అల్లుడూ, ఇదేంటి?" అంది అత్తగారు. గారు పోయిందని అల్లుడు గమనించాడు. ఎక్కడో చిన్న పొరపాటు జరిగి ఉంటుందన్నాడు.

పైపు కోసినవాడు వీధి మలుపు తిరగకముందే గునపాలతో ఆరుగురు దిగారు. లాండ్రీకి మూడంగుళాల పైపు వెయ్యాలట.

"లాండ్రీ ఎక్కడమ్మా?"

"ఇక్కడ లాండ్రీ ఏంటయ్యా!"

ఆ మేస్త్రీ దండెం వైపు చూశాడు. నాలుగు చీరలు, రెండు పంచెలు ఆరుతున్నాయి. "సరిపోతుంది. తవ్వండ్రా," అన్నాడు.

వాకిలి మధ్య నుంచి గేటు దాకా గొయ్యి తెగింది. వాళ్ళు తవ్వుతుండగానే మురుగు లాగే బండి వచ్చి ఏనుగు తొండమంత గొట్టాన్ని వంటింటి గుమ్మంలో పడేసింది.

"మురుగు ఇంట్లోకి వస్తోందట కదా?"

"రావట్లేదు నాయనా, నీకు దణ్ణం పెడతాను."

"వచ్చేదాకా ఉంటాంలెండి." బండివాడు గుమ్మంలో చతికిలబడ్డాడు. మామగారు వెళ్ళి సంతకం పెట్టాకే లేచాడు.

అప్పుడు అల్లుడు వచ్చిన అర్జీల జాబితా తెరిచాడు. మనుషులు వేరు, గోడు వేరు, ఇల్లు మాత్రం ఒక్కటే. ఊళ్ళో పాత నంబరు రాసిన ప్రతివాడి కష్టమూ మామగారి గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. అతను రాసిన ముక్క అతను చెప్పినట్టే పనిచేసింది. వేలు మీట మీద పెట్టాడు. తీసేస్తే ఎర్ర అక్షరాలు వస్తాయి. ఎర్ర అక్షరాలు వస్తే ఆర్డరు పోతుంది. నాలుగింటికి ఇంకా మూడు గంటలుంది. వేలు వెనక్కి తీసుకున్నాడు.

"ఏవయ్యా, నా వాకిట్లో ఏనుగును పూడ్చిపెట్టేంత గొయ్యుంది. నువ్వు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నావు!" అంది అత్తగారు. అల్లుడూ పోయింది, ఏవయ్యా మిగిలింది.

"నాలుగింటిదాకా ఓపిక పట్టండత్తయ్యా. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"పట్టుకోడానికి గొయ్యి దాటి రావాలిగా!"

మూడింటికల్లా మరో ఆరు చీటీలు వచ్చాయి. ఒకడు లేని తొట్టిలో నాచు కడిగాడు. ఒకడు రెండో అంతస్తుకు నీళ్ళెక్కడం లేదని వచ్చి, రెండో అంతస్తు కోసం ఇంటి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. మామగారు అన్నిటికీ సంతకం పెట్టారు. చివర ఒక టాంకరు వచ్చి గేటుకు అడ్డంగా ఆగింది.

"ప్రసూతి వార్డు ఇదేనాండీ?" అని డ్రైవరు అడిగాడు.

అత్తగారు నోటి మీద చెయ్యేసుకుంది. "ఇక్కడ పురుడెవరికయ్యా? నాకు అరవై రెండేళ్ళు!"

"నాకెందుకమ్మా మీ ఇంటి సంగతులు. నీళ్ళెక్కడ పొయ్యను?"

మామగారు సంతకం పెట్టి, పూలమొక్కల వైపు చెయ్యి చూపించారు.

సరిగ్గా అప్పుడే అల్లుడి ఫోను మోగింది. భార్య. ఆమె ఆసుపత్రిలో నర్సు.

"ఏవండీ, మా వార్డులో పొద్దుట్నించీ చుక్క నీళ్ళు లేవు. తొమ్మిదింటికే అర్జీ పెట్టాను. అందింది, ధన్యవాదాలు అని పచ్చగా వచ్చింది. ఇంతవరకూ ఒక్కరూ రాలేదు."

"నాకు ఫోను చెయ్యొచ్చుగా!"

"మా ఆయన పెట్టిన పద్ధతి, నేనే పాటించకపోతే ఎలా అని చెయ్యలేదు. అందరితోనూ అదే చెప్పాను. ఇక్కడ ముగ్గురు బాలింతలున్నారండీ. నాలుగో ఆవిడని లోపలికి తీసుకెళ్తున్నారు. డాక్టరమ్మ చేతులు కడుక్కోడానికి తాగే నీళ్ళ సీసాలు తెప్పిస్తోంది."

"ఇంటి నంబరు గడిలో ఏం రాశావు?"

"ఆసుపత్రికి ఇంటి నంబరేంటండీ? పెద్దాసుపత్రి వెనక భాగం అని రాశాను."

అల్లుడి పైప్రాణాలు పైనే పోయాయి. కిటికీలోంచి చూశాడు. ఆ వార్డు నీళ్ళు మామగారి మొక్కల్లో పారుతున్నాయి. ఒక్క దూకులో గొయ్యి దాటాడు.

"ఆపండి! ఆపండి! ఆ మిగిలిన నీళ్ళు ఆసుపత్రికి వెళ్ళాలి!"

డ్రైవరు గొట్టం మూత తిప్పాడు గాని, కదల్లేదు. "సంతకం అయిపోయిందండీ. చీటీలో ఈ ఇల్లే ఉంది. చీటీలో లేని చోటికి బండి పోనిస్తే నా ఉద్యోగం ఊడుతుంది. పెద్దింజనీరుగారు రాసిస్తే చెప్పండి."

ఆ మాట అంటుండగానే పెద్దింజనీరు జీపు వచ్చింది. నాలుగింటికి ఇంకా ఇరవై నిమిషాలుంది. ఆయన ముఖం వెలిగిపోతోంది. గొయ్యి ఇవతలే నిలబడి, ఆర్డరు కాయితం తీసి, పెన్ను మూత కూడా తీశాడు.

"శభాష్! పదకొండు అర్జీలు, పదకొండు సంతకాలు. ఒక్క ఎర్ర అక్షరం లేదు. నా సర్వీసులో ఇలాంటి రోజు చూళ్ళేదయ్యా!"

అల్లుడు ఆ పెన్ను వంక చూశాడు. టాంకరు వంక చూశాడు.

"సార్, అవన్నీ తప్పులే. ఇంటి నంబరు సరిపోకపోతే నేనే మా మామయ్యగారి నంబరు పెట్టించాను. పదకొండూ ఈ ఇంటికే వచ్చాయి. ఈ టాంకరు ప్రసూతి వార్డుది. ముందు దీన్ని పంపించండి సార్, ఆర్డరు సంగతి తర్వాత."

పెద్దింజనీరు ముఖంలో వెలుగు ఆరిపోయింది. "ప్రసూతి వార్డుకి నీళ్ళందినట్టు సంతకం ఉందే?"

"అది మా మామయ్య సంతకం సార్!"

"మరి ఆయన ఆ వార్డు మనిషి కాదా?"

అందరూ మామగారి వైపు తిరిగారు. ఆయన గొంతు సవరించుకున్నారు. పొద్దుటినుంచీ అదే మొదటి మాట.

"నేను కనలేదు," అన్నారు.

పెద్దింజనీరు కాసేపు కోసిన పైపును, గోతిని, తడిసి ముద్దయిన మొక్కలను చూశాడు. తర్వాత చీటీ వెనకాల ఆసుపత్రికి అని రాసి సంతకం గీశాడు. టాంకరు వెళ్ళిపోయింది. పావుగంటకు భార్య ఫోను చేసి నీళ్ళొచ్చాయని, నాలుగో ఆవిడకు ఆడపిల్ల పుట్టిందని చెప్పింది. అల్లుడు గోతి గట్టు మీద కూలబడ్డాడు.

"ఆర్డరు చింపెయ్యండి సార్," అన్నాడు.

"చింపితే కారణం రాయాలయ్యా. జీపులోంచే పైవాళ్ళకి పంపించేశాను, పదకొండుకి పదకొండు అని. వాళ్ళు ఫోను చేసి మరీ మెచ్చుకున్నారు. ఇప్పుడు తప్పని రాస్తే ఆ పదకొండూ నా మెడకి చుట్టుకుంటాయి." గొంతు తగ్గించాడు. "అయినా ఎర్ర అక్షరం ఏదీ? నేనైతే చూళ్ళేదు."

జీపు ముందుభాగం మీద కాయితం పెట్టి సంతకం చేసి, అల్లుడి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. అత్తగారు దాన్ని లాక్కుని రెండుసార్లు చదివింది.

"మరి నా కుళాయో?" అంది.

మర్నాడు తెల్లవారగానే అల్లుడు బల్ల ముందు కూర్చున్నాడు. ముందు రోజు రాసిన ముక్కను తీసిపారేశాడు. తప్పిన గడి కింద ఎర్ర అక్షరాలతో 'ఇక్కడ కొత్త ఇంటి నంబరు రాయాలి, మీ గోడ మీద ఉంటుంది. ఆసుపత్రి, బడి అయితే పేరు చాలు' అని వచ్చేలా రాశాడు. అప్పుడు ఆసుపత్రి పోగా నిన్నటి మిగతా పదిమందికీ వరసగా ఫోను చేసి, ఇల్లెక్కడో అడిగి రాసుకున్నాడు. ఎనిమిదిమంది చెప్పారు. మిగతా ఇద్దరికీ చేస్తే మామగారు ఎత్తారు.

పదింటికి పెద్దింజనీరు ఫోను చేశాడు.

"ఏవయ్యా, నిన్న టెంపరరీగా ఉన్నప్పుడు ఒక్క తప్పు చెయ్యలేదు. పర్మనెంటు అయిన మర్నాడే నూట పన్నెండుసార్లు ఎర్ర అక్షరాలా?"

అల్లుడు అవునన్నాడు. ఫోను పెట్టేసి, పార తీసుకుని గోతిలోకి దిగాడు.