సుగుణను చంపిన ఆదివారం

గుడి నుంచి ఇంటిల్లిపాదీ తిరిగి వచ్చేలోపు సుగుణను చంపేయాలని అమలమ్మ పొద్దున్నే నిర్ణయించుకుంది. సుగుణ ఆమె వారపత్రికలో రాస్తున్న సీరియల్ నాయిక. ఎనిమిది నెలలుగా వారం వారం దగ్గుతూ వచ్చింది. ఇది ఆఖరి భాగం, రేపటి పోస్టుకు అందాలి. ఎడిటర్ మాత్రం కార్డు రాశాడు: నాయిక చస్తే పాఠకులు ఊరుకోరు, బతికించండి, లేదంటే తర్వాతి సీరియల్ సంగతి మరిచిపోండి. అమలమ్మ ఆ కార్డును కాఫీ గ్లాసు కింద పెట్టుకుని మరీ రాస్తోంది.

ఆమె లెక్కలో లేనిది అత్తగారు సువార్తమ్మ. ఆవిడకు చదువు రాదు. సీరియల్‌ను ప్రతివారం కొడుకు బాలశౌరి చేత చదివించుకుని వింటుంది. నిన్న "ఆ పిల్లకెట్టా ఉందే?" అని అడిగితే, "డాక్టర్లు ఆశ వదులుకున్నారత్తయ్యా" అని కోడలు తల ఎత్తకుండా చెప్పింది. ఆవిడ తిన్నగా గుడికి వెళ్లి అక్కడ జపాలు నేర్పే ఉపదేశిగారి చేత ప్రార్థన చీటీ రాయించింది. ఈవేళ పూజలో ఫాదరుగారు దాన్ని పటమట మొత్తానికి వినబడేలా చదివారు: "బాలశౌరిగారింట్లో ప్రాణాపాయంలో ఉన్న సుగుణ కోసం ప్రార్థిద్దాం."

పూజ అయ్యీ అవకముందే రోగులను చూడబోయే గుడి మరియదళం ఆడవాళ్లు హార్లిక్సు సీసా, బత్తాయిలతో ఇంటికొచ్చి దిగారు. వెనకాలే పరుగున వచ్చిన బాలశౌరి, "అయ్యో, అది మా ఆవిడ రాసే కథండీ!" అని మొత్తుకున్నాడు.

"టీబీ అయితే మాత్రం ఇట్టా దాచిపెడతారటండీ?" అంది వాళ్ల పెద్ద మార్తమ్మ, కళ్లొత్తుకుంటూ. "ఏ గదిలో ఉంది?"

బాలశౌరి గదులన్నీ తెరిచి చూపించాడు. ఖాళీ మంచం చూసి ఆడవాళ్లు ఒక్కసారిగా గొల్లుమన్నారు. ఆ ఏడుపు వీధి చివర వడ్రంగి జక్కయ్య చెవిన పడింది. శవపెట్టెలు చేసేది అతనే. టేపు పట్టుకుని వచ్చి, "మనిషి ఎత్తెంతండీ?" అని వినయంగా అడిగాడు.

"అయిదడుగుల రెండంగుళాలు," అంది అమలమ్మ రాస్తూనే. రాసే మనిషికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

చివరికి, పోయేవాళ్లకు పూసే తైలం తీసుకుని ఫాదరుగారే వచ్చారు. బల్ల మీది కాగితాలు చదివితే గానీ ఆయనకు సంగతి బోధపడలేదు. "ఇంతమంది ప్రార్థించారు కదమ్మా, బతికించెయ్యి," అన్నారు. ఆడవాళ్లూ అందుకున్నారు. "ఎడిటరుగారు కూడా అదే అన్నారుగా," అని బాలశౌరి నసిగాడు.

అమలమ్మకు ఒళ్లు మండింది. "ఎనిమిది నెల్లు దాన్ని మోసింది నేనండీ! బతికిస్తే మళ్లీ ఆ తన్నే మొగుడి దగ్గరికే పంపాలి. పంపను. ఎడిటరు చెప్పినా పంపను, మీరు చెప్పినా పంపను."

అందరూ సువార్తమ్మ వైపు తిరిగారు. "నువ్వన్నా చెప్పు వదినా, చీటీ వేసింది నువ్వేగా?" అంది మార్తమ్మ.

"వేశాను. బతకాలని వేశానని ఎవరు చెప్పారు?" అంది సువార్తమ్మ. "మంచి మరణం ఇవ్వమని వేశాను. ఉపదేశిగారు సగమే రాసుకున్నాడు. రాయవే అమలా, తొందరగా కానీ. పిల్ల బాధపడుతోంది."

అమలమ్మ అందరి ముందే సుగుణను చంపి, ఆ పేజీ గట్టిగా చదివి వినిపించింది. జక్కయ్య కూడా కళ్లు తుడుచుకున్నాడు.

మార్పించే గడువు లేక ఎడిటర్ దాన్ని అలాగే అచ్చేశాడు. ఏడుస్తూనే మెచ్చుకుంటూ పాఠకులు రాసిన ఉత్తరాలు గోనెసంచుల్లో వచ్చిపడ్డాయి. వెంటనే మరో కార్డు రాశాడు: కొత్త సీరియల్ మొదలుపెట్టండి, దయచేసి ఇందులో మాత్రం ఎవరినీ చంపకండి.

కొత్త సీరియల్ మొదటి వాక్యంలోనే ఒక వారపత్రిక ఎడిటర్ చనిపోయాడు.