చేపలూ పచ్చగానే ఉన్నాయి

సోమవారం ఉదయం ఆరున్నరకి సిస్టరమ్మ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. హాల్లో కిటికీ పక్కన బల్ల మీద రెండడుగుల అద్దాల తొట్టి ఉంది. అందులో పదకొండు చిన్న చేపలు, రిబ్బన్లలాంటి పొడుగాటి ఆకులున్న నీటి మొక్కలు ఉన్నాయి. మొక్కలకు వేసే ఎరువు ఒక సీసాలో ఉంది. ఆ ఎరువు బుధవారం ఒకసారి, శనివారం ఒకసారి, రెండేసి మిల్లీలీటర్లు సిరంజితో కొలిచి నీళ్ళలో వేయాలి. ఆదివారం తొట్టి తన యజమాని ఇంటికి వెళ్ళిపోతుంది. ఇందులో పొరపాటుకు సందెక్కడుందని ఆమె అనుకుంది. ఇరవై రెండేళ్ళు నర్సుగా పనిచేసిన మనిషి అలా అనుకోకూడదు.

ఆ యజమాని వాళ్ళ ఆసుపత్రి సూపరింటెండెంటు. ఇంటికి రంగులు వేయిస్తున్నారు, ఆ వాసన చేపలకు పడదని వారం రోజులకు తొట్టిని ఈమెకు అప్పగించారు. పిల్లల వార్డులో హెడ్ నర్సు పోస్టు ఖాళీగా ఉంది. వచ్చే సోమవారం ఆర్డరు వస్తుందని అందరికీ తెలుసు. పోటీలో ఉన్నది ఇద్దరే. రెండో ఆవిడ ఇంట్లో పిల్లి ఉంది. తొట్టి తన దగ్గరికి రావడానికి కారణం తన పనితనమా, ఇంట్లో పిల్లి లేకపోవడమా అని సిస్టరమ్మ లోతుగా ఆలోచించలేదు.

చిక్కంతా ఇంట్లోనే ఉంది. సిస్టరమ్మ భర్త ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు డిపోలో టైమ్‌కీపరుగా చేసి ఆరు నెలల కిందటే రిటైరయ్యాడు. బస్సులు పోయాయి గానీ వేళలు ఆయన్ని వదల్లేదు. పాలు నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చాయని రాసి పెట్టేవాడు. భార్య స్నానాల గదిలోకి ఎప్పుడు వెళ్ళిందో, ఎప్పుడు బయటికొచ్చిందో తలుపు బయటి నుంచే చెప్పేవాడు. ముప్పై మంది పిల్లలు ఒక్కసారిగా ఏడ్చే వార్డులోనే ఆమెకు కాస్త ప్రశాంతంగా ఉండేది.

అందుకే నోటిమాట మీద నమ్మకం పెట్టుకోకుండా వార్డు నుంచి ఒక అచ్చు చార్టు తెచ్చింది. నెలంతటికీ రోజుకు మూడేసి గడులున్న కాగితం అది. పైన ‘ఎరువు’ అని రాసి, బుధవారం, శనివారం గడుల్లో చిన్న చుక్కలు పెట్టి, తొట్టి పక్కన గోడకు అంటించింది. చుక్క ఉన్నచోట వేసి టిక్కు పెట్టమని చెప్పులు వేసుకుంటూ చెప్పింది. అలాగేనని ఆయన కళ్ళజోడు వెతుక్కుంటూ అన్నాడు. జోడు దొరికేసరికి ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.

చుక్కలు ఆయన కంటికి ఆనలేదు. ఆనినవల్లా ఖాళీ గడులే. డిపోలో గడి ఖాళీగా ఉందంటే ఒక బస్సు రాలేదని అర్థం, రాలేదంటే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. ఆ రోజు పన్నెండో తేదీ. చార్టు ఒకటో తేదీ నుంచి మొదలైంది. అంటే పదకొండు రోజులకు ముప్పై మూడు గడులు వదిలేసి భార్య డ్యూటీకి వెళ్ళిపోయింది. ఆయన మనసు చివుక్కుమంది. ఎరువు వేయకుండా టిక్కు పెట్టడం ఆయన రక్తంలో లేదు. సీసా మీద మోతాదు రెండు మిల్లీలీటర్లని ఉంది కాబట్టి, ఆ రోజు మూడు మోతాదులకు తోడు పాతవి రోజుకు నాలుగైదు చొప్పున తీర్చేయాలని నిర్ణయించుకుని సిరంజి అందుకున్నాడు.

వార్డులో అప్పుడు జ్వరాలు ముమ్మరంగా ఉన్నాయి. నాలుగు రోజులపాటు సిస్టరమ్మ ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటేది. తొట్టిలో లైటును ఆయన ఎనిమిది కొట్టగానే ఆర్పేసేవాడు. ఎరువు వేశారా అని ఆమె అడిగేది. ఒక్కటి కూడా వదల్లేదని ఆయన చెప్పేవాడు. ఆ మాటకు ఆమెకు భర్త మీద అభిమానం కూడా కలిగింది.

శుక్రవారం మధ్యాహ్నం కాస్త తీరిక దొరికి ఇంటికి ఫోను చేసింది. అత్తగారు ఎత్తింది. ఆవిడ రోజంతా తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటోంది.

“మొక్కలెలా ఉన్నాయి అత్తయ్యా?”

“పచ్చగా ఉన్నాయమ్మాయ్.”

“చేపలో?”

“అవీ పచ్చగానే ఉన్నాయి.”

సిస్టరమ్మ చేతిలోని థర్మామీటరును పక్క మంచం పిల్లవాడి నోట్లో పెట్టబోయి ఆగిపోయింది. నీళ్ళ సంగతి అడిగింది. అవి అన్నిటికంటే పచ్చగా ఉన్నాయని, మీ ఆయన చేతిచలవ అలాంటిదని అత్తగారు సంతోషంగా చెప్పింది. ఆమె అప్పటికప్పుడు పర్మిషను పెట్టి ఇంటికి బయల్దేరింది.

తొట్టి ఆకుపచ్చ పెయింటు డబ్బాలా ఉంది. అద్దానికి ముక్కు ఆనించి చూస్తే అప్పుడప్పుడూ ఒక తోక కనిపించి మాయమైంది. చార్టు నిండా టిక్కులు. ప్రతి టిక్కు పక్కన వేళ, పొట్టి సంతకం. ‘నాల్గవ తేదీ మధ్యాహ్నపు మోతాదు, ఈ రోజు 4.10కి వేయబడినది’ లాంటి వివరాలు వెనకవైపు కూడా సాగాయి. ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది.

“రెండుసార్లు వెయ్యమంటే ఇన్నిసార్లు వేశారేంటండీ?”

“ఇంకా తొమ్మిది ఉన్నాయి,” అన్నాడాయన, ఆలస్యానికి క్షమించమన్నట్టు. “రేపు మధ్యాహ్నానికి పూర్తి చేసేస్తాను.”

ఆమె సిరంజి లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ తర్వాత వారానికి రెండుసార్లంటే ఏమిటో, ఎరువెక్కువైతే మొక్కలకంటే ముందు నాచు తిని నీళ్ళనిండా ఎలా కమ్ముకుంటుందో అరగంటసేపు చెప్పింది. ఆయన అంతా విని, చార్టు తీసుకుని కిందిభాగంలో ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో చూసే ఓపిక ఆమెకు లేదు. చేపల దుకాణం అతనికి ఫోను చేస్తే, సగం నీళ్ళు మార్చమని, లైటు వేయకుండా దుప్పటి కప్పమని, కుళాయి నీళ్ళు రాత్రంతా నిలవబెట్టి పొయ్యమని చెప్పాడు. శనివారం ఆమెకు రెండింటిదాకా డ్యూటీ ఉంది. సగం అంటే సగమేనని భర్తతో మూడుసార్లు అనిపించుకుని వెళ్ళింది.

సగం నీళ్ళు తీయడం వరకూ బాగానే జరిగింది. అంత ఎరువున్న నీళ్ళు పారబొయ్యడానికి అత్తగారికి మనసొప్పలేదు. బాల్కనీలో కుండీలకు పొయ్యమంది. కుండీలు తాగినన్ని తాగి మిగతావి కిందికి వదిలేశాయి. కింద ఇంటి ఓనరు తెల్ల చొక్కాలు ఆరేసుకున్నాడు. ఆయన ఆ చొక్కాలతోనే పైకొచ్చి నిలబడితే, టైమ్‌కీపరు నిమ్మకు నీరెత్తినట్టు చార్టు అందుకుని ‘10.20: కింది ఇంటివారి చొక్కాలు మూడు’ అని రాసి, అది చూసి సరేననమని ఆయన్నడిగాడు. ఓనరు తిట్టడానికి వచ్చి, లెక్క సరిగ్గా ఉండటంతో సరేనని వెళ్ళిపోయాడు.

అప్పుడు చేపలు గుర్తొచ్చాయి. వచ్చినవి పదకొండు. ఎంత చూసినా తొమ్మిదే కనిపించాయి. వచ్చినన్ని తిరిగి వెళ్ళకపోతే అది డిపోయే కాదు. నీళ్ళు తీస్తే గానీ లెక్క తేలదని మిగతా సగం కూడా తీసేశాడు. మొక్కలడ్డం వచ్చాయని పీకి బట్టలుతికే టబ్బులో వేశాడు. చేపల్ని తల్లి స్నానం చేసే బకెట్లోకి మార్చాడు. పదకొండూ ఉన్నాయి. ఆ సంతోషంలో ఉండగా సిస్టరమ్మ గడపలోకి అడుగుపెట్టింది. ఆమె చెప్పులు విప్పకముందే ఫోను మోగింది. రంగులు ఒక రోజు ముందే అయిపోయాయని, అరగంటలో వస్తున్నానని సూపరింటెండెంటు చెప్పారు.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదేనని ఆమెకు తెలిసింది. అయినా ఏడుస్తూ కూర్చోలేదు. భర్త ముందుజాగ్రత్తగా తొట్టి నిండేన్ని నిలవబెట్టిన నీళ్ళు అందులో పోసింది. మొక్కల్ని కడిగి ఇసుకలో గుచ్చితే సగం తేలాయి, సగం పక్కకు ఒరిగాయి. చేపల్ని వదిలింది. ఇక చార్టు మిగిలింది. అది చింపెయ్యమంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమె చెప్పింది కాదనని మనిషి ఆ ఒక్కటీ కాదన్నాడు.

“రికార్డు చింపకూడదే. తప్పు చేశాను కదా, దాన్ని ఉండనీ.”

ఆమె పళ్ళు నూరుకుంది. కొత్త కాగితం తీసి, బుధవారం ఒక టిక్కు, శనివారం ఒక టిక్కు పెట్టింది. ఇరవై రెండేళ్ళలో తను రాసిన మొదటి దొంగ చార్టు అది. సిరా తడి ఆరకముందే బెల్లు మోగింది.

సూపరింటెండెంటు తొట్టి ముందు వంగి చాలాసేపు చూశారు. మొక్కలకేమైందని అడగలేదు. చార్టు ఉంటుందిగా సిస్టర్ అన్నారు. ఆమె చెయ్యి కొత్త కాగితం వైపు వెళ్ళేలోపు టైమ్‌కీపరు పాతదాన్ని గోడ మీంచి తీసి రెండు చేతులతో అందించాడు. సూపరింటెండెంటు నిలబడే మొదలుపెట్టి, వెనకవైపు తిప్పి, చొక్కాల దాకా చదివారు. కింద, నిన్న సాయంత్రం రాసిన వాక్యం దగ్గర ఆగిపోయారు. ‘నీళ్ళు పూర్తిగా ఆకుపచ్చ. కారణం: నేను.’ దాని పక్కన పూర్తి సంతకం ఉంది.

సిస్టరమ్మ మనసులోనే లెక్క తేల్చుకుంది. పోస్టు పోయింది. పోతే పోయింది, ఆ మనిషిని ఒక్కణ్ణీ దోషిని చేసి నిలబెట్టడం కూడా బాగాలేదనిపించింది.

“చార్టు పెట్టింది నేను సార్. సరిగ్గా చెప్పకుండా వెళ్ళిందీ నేనే,” అంది, కొత్త కాగితాన్ని గుప్పిట్లో నలిపేస్తూ.

సూపరింటెండెంటు కుర్చీలో కూర్చుని మంచినీళ్ళడిగారు. పోయిన నెల వార్డులో ఒక బాబుకి ఒకే మందు రెండుసార్లు పడిందని, ఎవరు వేశారో ఇప్పటికీ తేలలేదని చెప్పారు. పోస్టు ఇన్నాళ్ళు ఆపింది అందుకేనట.

“మన చార్టుల్లో ఏ తప్పూ ఉండదు సిస్టర్. పిల్లలకి మాత్రం జ్వరం తగ్గదు. ఇలా రాసే ఇల్లు ఒకటుందని నాకు తెలీదు. ఆర్డరు మీ పేరు మీదే ఇస్తాను.”

ఆయన చార్టును జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ తర్వాత టైమ్‌కీపరు వైపు తిరిగారు. పిల్లల వార్డులో రికార్డులు చూసే మనిషి మానేశాడు, ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా వచ్చి కూర్చుంటారా అని అడిగారు.

“ఏడూ యాభైకల్లా ఉంటానండి,” అని చెప్పి ఆయన భార్య వైపు చూశాడు. ఆరు నెలలుగా ఆ మొహంలో అంత వెలుగు ఆమె చూడలేదు. రోజుకు ఎనిమిది గంటల ప్రశాంతత కళ్ళముందే కొట్టుకుపోతుంటే, అలాగే వెళ్ళండి అంది.

సోమవారం హెడ్ నర్సు కుర్చీలో కూర్చుని ఆమె చేసిన మొదటి పని నెల డ్యూటీల పట్టిక వేయడం. రాత్రి డ్యూటీలన్నిటికీ ఎదురుగా తన పేరే రాసుకుంది.